పోతుపంది రక్తంలో స్టెరాయిడ్ల ప్రయాణం

స్టెరాయిడ్ హార్మోన్లన్నిటికీ ముడిసరుకు కొలెస్టరాల్ కావడం వల్ల వాటికి పుట్టుకతోనే కొవ్వు గుణం అబ్బింది. నూనెలో ఇట్టే కలిసిపోయే ఈ అణువులు నీటిలో అతి స్వల్పంగా మాత్రమే కరుగుతాయి, రక్తద్రవమేమో ప్రధానంగా నీరే. అందుచేత వృషణాల్లో తయారైన టెస్టోస్టిరాన్ కండరానికో మెదడుకో చేరాలంటే రక్తంలోని ఏదో ఒక ప్రోటీన్‌ను అంటిపెట్టుకొని పోవలసిందే. ఆ మోసుకుపోయే ప్రోటీన్ ఏది, అది ఎంత గట్టిగా పట్టుకుంటుంది అన్న విషయంలో జంతువులన్నీ ఒకే తీరుగా లేవు. మగపంది ఏర్పాటు మనిషి ఏర్పాటుకు ఎంత దూరమంటే, మనిషి రక్తాన్ని పరీక్షించి నేర్చుకున్న లెక్కలను దానికి నేరుగా వర్తింపజేస్తే తప్పుడు ఫలితమే వస్తుంది.

మనిషిలో ఈ పనికి మూడు ప్రోటీన్లున్నాయి. మొదటిది సెక్స్ హార్మోన్ బైండింగ్ గ్లోబ్యులిన్, అంటే లైంగిక హార్మోన్లకోసమే ప్రత్యేకంగా ఏర్పడ్డ వాహక ప్రోటీన్. రెండవది కార్టిసాల్‌ను మోసే ట్రాన్స్‌కార్టిన్. మూడవది ఆల్బుమిన్, ఇది కొవ్వు ఆమ్లాలు మొదలుకొని మందుల దాకా ఎదురైన ప్రతిదాన్నీ ఎక్కించుకునే ప్రోటీన్. పురుషుని రక్తంలోని టెస్టోస్టిరాన్‌లో దాదాపు సగం ఆల్బుమిన్ మీద, సగానికి కాస్త తక్కువ ప్రత్యేక వాహకం మీద ఉంటాయి, ఏ ప్రోటీన్‌నూ అంటుకోకుండా విడిగా తిరిగేది సుమారు 2 శాతం మాత్రమే. కణంలోకి చొరబడి పనిచేసేది ప్రధానంగా ఈ విడి భాగమేనన్నది చాలాకాలంగా అంగీకారం పొందిన సిద్ధాంతం. ప్రత్యేక వాహకం పట్టు ఆల్బుమిన్ పట్టు కంటే వేల రెట్లు గట్టిది. అయినా ఆల్బుమిన్ దానితో సమానంగా బరువు మోయగలగడానికి కారణం సంఖ్యాబలం, ఎందుకంటే ఒక్కో టెస్టోస్టిరాన్ అణువుకు రక్తంలో ముప్పై వేల దాకా ఆల్బుమిన్ అణువులుంటాయి.

ఎదిగిన పంది రక్తంలో ఆ ప్రత్యేక వాహకం లేదు. ఎలుక, చిట్టెలుకల పరిస్థితీ అంతే. కాబట్టి పోతుపందిలో లైంగిక స్టెరాయిడ్ల భారమంతా ముఖ్యంగా ఆల్బుమిన్ మీదే పడుతుంది, దాని పట్టు వదులు గనుక ఎక్కిన అణువు క్షణాల్లోనే దిగిపోగలదు. సూక్ష్మనాళాల గుండా రక్తం పోయే కొద్దిపాటి వ్యవధిలోనే హార్మోన్ ఆల్బుమిన్‌ను వదిలి కణజాలంలోకి జారుకోవచ్చు. ఇది లోపమని అనుకోనక్కరలేదు, మనిషిది మాత్రమే సరైన పద్ధతి అనడానికి ఆధారమేమీ లేదు. ట్రాన్స్‌కార్టిన్ మాత్రం పందిలో ఉంది. దాన్ని తయారుచేసే జన్యువు పంది 7వ క్రోమోజోమ్ మీద ఉందనీ, జాతికీ జాతికీ కార్టిసాల్ స్థాయిలో కనిపించే తేడాల్లో దానికి పాత్ర ఉందనీ చైనాకు చెందిన మెయ్‌షాన్ జాతినీ లార్జ్ వైట్ జాతినీ సంకరపరచి ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు తేల్చారు.

మోసేవాటి సంగతి ఎంచకుండా హార్మోన్ మొత్తాన్ని మాత్రమే కొలిస్తే వచ్చే చిక్కు తెలుగువారికి మరో దారిలో పరిచయమైనదే. 1968లో హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధనశాలకు చెందిన కె. ఎస్. జయరావు, ఎస్. జి. శ్రీకంఠయ్య, సి. గోపాలన్ తిండి చాలని పిల్లల రక్తంలో కార్టిసాల్‌ను కొలిచి, ఒళ్లు శుష్కించే మరాస్మస్‌లో అది క్వాషియోర్కర్‌లో కంటే ఎక్కువగా ఉందని ప్రకటించారు. ఒళ్లు నీరు పట్టే క్వాషియోర్కర్‌లో ఆల్బుమిన్ బాగా పడిపోతుంది. అలాంటి రక్తంలో అంకెను చదివేటప్పుడు ఎంత అంటుకొని ఉంది, ఎంత విడిగా ఉంది అన్న ప్రశ్న తప్పక అడగాలి. ఆ పరిశోధనశాలే మరుసటి ఏడాది జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది.

పోతుపంది వృషణాల ఉత్పత్తి అసాధారణమైనది. టెస్టోస్టిరాన్‌తో పాటు ఆడ హార్మోన్లుగా పేరుపడ్డ ఈస్ట్రోజెన్లను కూడా అవి విస్తారంగా తయారుచేస్తాయి. ఈ విషయంలో పోతుపందికి సాటి మగగుర్రం, దాని మూత్రంలో ఈస్ట్రోజెన్లు పుష్కలంగా ఉన్నాయని బెర్న్‌హార్డ్ జోండెక్ 1934లోనే కనుగొన్నాడు. పంది రక్తంలో ఈస్ట్రోజెన్ అధికంగా తిరిగేది ఈస్ట్రోన్ సల్ఫేట్ రూపంలో. స్టెరాయిడ్ అణువుకు సల్ఫేట్ ముక్క తగిలిస్తే దానికి నీటిలో కరిగే గుణం వస్తుంది, హార్మోన్ గ్రాహకాలను తాకే శక్తి పోతుంది; అయినా అది మూత్రంలో తొందరగా కొట్టుకుపోదు, ఆల్బుమిన్‌ను గట్టిగానే అంటుకొని రక్తంలో నిలుస్తుంది. కణజాలానికి చేరాక సల్ఫటేజ్ అనే ఎంజైమ్ ఆ ముక్కను కత్తిరిస్తే హార్మోన్ మళ్లీ చురుకవుతుంది. కాబట్టి సల్ఫేట్ రూపాన్ని పారేయవలసిన చెత్తగా కాక, తాళం వేసి దాచిన సరుకుగా చూడడమే సబబు.

ఆండ్రోస్టినోన్ అన్న స్టెరాయిడ్ కథ ఇక్కడే మొదలవుతుంది. దీన్నీ వృషణాలే చేస్తాయి. హార్మోన్‌గా దీనికి పని లేదు, ఉన్నదల్లా వాసన. 1944లో ప్రెలోగ్, రుజిచ్కా పంది వృషణాల నుంచి దీని దగ్గరి బంధువైన ఆండ్రోస్టినాల్‌ను వేరుచేశారు, పోతు మాంసాన్ని వండినప్పుడు వచ్చే మూత్రపు కంపుకు ఆండ్రోస్టినోనే కారణమని 1968లో ప్యాటర్సన్ గుర్తించాడు. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ స్క్వైర్స్ బృందం పంది వృషణ కణాలను ప్రయోగశాలలో పెంచి, ఈ కుటుంబపు స్టెరాయిడ్లను ఆ కణాలు సల్ఫేట్ రూపంలో కూడా విడుదల చేస్తాయని చూపింది. రక్తం వెంట పోయిన ఆండ్రోస్టినోన్ రెండు చోట్ల దిగుతుంది. ఒకటి లాలాజల గ్రంథి: అక్కడ ఫెరోమాక్సిన్ అనే మరో ప్రోటీన్ దాన్ని అందుకొని నురగలోకి చేరుస్తుంది, ఆ వాసనకు ఎదకు వచ్చిన ఆడపంది కదలకుండా నిలబడుతుంది. రెండవది కొవ్వు: అది పేరుకొనే గోదాము. ఈ వాసన తెలియడమూ మనుషులందరికీ ఒకే తీరు కాదు. ఓఆర్7డీ4 అనే ఘ్రాణ జన్యువులోని తేడాల వల్ల ఒకరికి ముక్కు మూసుకోవాలనిపించే వాసన మరొకరికి అసలే తెలియదని 2007లో తేలింది. ఒకే కూర మీద ఒకే ఇంట్లో రెండు తీర్పులు రావడంలో వింతేమీ లేదు.

పాలమూరు, నల్లగొండ మెట్టల్లో, ఆత్మకూర్ వంటి ఊళ్ల చుట్టుపక్కల పందుల పెంపకం అనగానే మొదట తలపుకు వచ్చేది ఎరుకల కుటుంబాలు. మాంసానికి పెంచే మగ పందిపిల్లలకు పుట్టిన కొద్ది వారాల్లోనే వృషణాలు తీసివేయాలని పెంపకందారులకు పశువైద్యులు చెప్పే సలహా వెనక ఉన్నది పైన చెప్పిన రవాణా శాస్త్రమే. లేత వయసులో వృషణాలు ఇంకా ఆండ్రోస్టినోన్‌ను పెద్దగా చేయవు గనుక కొవ్వు గోదాము ఖాళీగానే ఉంటుంది. ఎదిగిన పోతుకు వృషణాలు తీసిన తరువాత రక్తంలోని స్టెరాయిడ్లు రోజుల్లోనే తగ్గిపోతాయి, కొవ్వులో చేరిన ఆండ్రోస్టినోన్ మాత్రం కొంచెం కొంచెంగా రక్తంలోకి తిరిగివచ్చి, కాలేయంలో రూపు మారి బయటికి పోయేసరికి కొన్ని వారాలు పడుతుంది. అప్పటిదాకా ఆ పందిని కోసినా మాంసంలో పోతు వాసన వదలదు.