మన ఒంట్లో ఆ అడ్డుకట్ట లేదు

రెండు గుక్కల బీరుకే ముఖం ఎర్రగా కందిపోయి, గుండె దడదడలాడి, కడుపులో తిప్పే మనుషులు ప్రపంచంలో 50 కోట్లకు పైగా ఉన్నారు. వాళ్లలో అత్యధికులు చైనా, జపాన్, కొరియా మూలాలున్నవాళ్లే. నెల్లూరు జిల్లా మైపాడు తీరంలోని పట్టపుపాలెంలో అలాంటి మనిషి కనిపించడం చాలా అరుదు. కారణం జన్యువుల్లో ఉంది.

కాలేయం మద్యాన్ని రెండు దశల్లో విరగ్గొడుతుంది. ఏడీహెచ్ అనే ఎంజైమ్ ముందుగా దాన్ని ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. ఇది విషం, క్యాన్సర్ కారకం కూడా. ఆ విషాన్ని ఏఎల్‌డీహెచ్2 అనే రెండో ఎంజైమ్ హాని లేని ఎసిటేట్‌గా మారుస్తుంది. తూర్పు ఆసియాలో చాలామందికి ఈ రెండో ఎంజైమ్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. దాంతో ఎంజైమ్ మందగించి, విషం రక్తంలో పేరుకుపోతుంది. తాగబుద్ధి కాదు. అయినా పట్టుబట్టి తాగేవాళ్లకు అన్నవాహిక క్యాన్సర్ ముప్పు బాగా పెరుగుతుంది.

మరి మన సంగతి? 2015లో పూర్తయిన వెయ్యి జీనోముల ప్రాజెక్టు 26 జనసమూహాలకు చెందిన 2,504 మంది జన్యువులను చదివింది. అందులో బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువాళ్లు 102 మంది. తూర్పు ఆసియా నమూనాల్లో ప్రతి 100 జన్యు ప్రతుల్లో 17 దాకా కనిపించిన ఆ మార్పు, మనతో కలిపి 489 మంది దక్షిణాసియా వాసుల్లో దాదాపు లేదు. మొదటి ఎంజైమ్‌ను వేగవంతం చేసే ఇంకో మార్పు అక్కడ నూటికి 70 అయితే ఇక్కడ రెండే. ఈ మార్పు వ్యాపించడానికి వరిసాగుతో సంబంధం ఉందని 2010లో చైనా పరిశోధకులు ప్రతిపాదించారు. మొలగొలుకుల రకం ధాన్యం పండించిన నెల్లూరుకు వరి దక్కింది గానీ ఆ మార్పు దక్కలేదు.

"నాకు మందు పడుతుంది" అనే ధీమా వెనకున్నది ఇంతే. పడటమంటే హాని లేకపోవడం కాదు, హెచ్చరిక లేకపోవడం. లెక్క చూడండి. 180 మి.లీ. క్వార్టర్‌లో 42.8 శాతం చొప్పున 77 మి.లీ. శుద్ధ ఆల్కహాల్, అంటే సుమారు 61 గ్రాములు ఉంటుంది. కాలేయం గంటకు వదిలించగలిగేది 7 నుంచి 10 గ్రాములు. రాత్రి తొమ్మిదింటికి క్వార్టర్ ముగించిన మనిషి తెల్లవారుజామున మూడింటికి చేపల వేటకు పడవెక్కితే, అతని రక్తంలో మద్యం ఇంకా మిగిలే ఉండొచ్చు.

అయితే ఎవరు ఎంత తాగుతారన్నది జన్యువులే తేల్చేస్తాయనుకుంటే పొరపాటు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు నిండిన మగవాళ్లలో తాగేవాళ్లు తెలంగాణలో సుమారు 43 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం. ఈ రెండు రాష్ట్రాలవాళ్ల జన్యువుల్లో ఇంత అంతరం లేదు. ధర, దొరకడం, ఆచారం, ప్రభుత్వ విధానం, వీటిలోనే ఉంది తేడా అంతా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు ఊళ్లోని సారా దుకాణాన్ని మూయించింది వీటిని మార్చడానికే. అక్షరాస్యత తరగతుల్లో మొదలైన ఆ కదలిక జిల్లాను దాటింది. 1993 అక్టోబర్ 1 నుంచి అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఒంట్లో లేని అడ్డుకట్టను ఊళ్లో కట్టినవాళ్లు వాళ్లు.

ఇంకొక్క మాట. డైసల్ఫిరామ్ అనే మాత్ర రెండో ఎంజైమ్‌ను ఆపేసి, మద్యం తాగితే తూర్పు ఆసియా వాసుల బాధను మనకూ కలిగిస్తుంది. 1948 నుంచి వైద్యంలో ఉంది. మనిషికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు పర్యవేక్షణలో వేసుకుంటే పనికొచ్చేదే. తెలియకుండా అన్నంలోనో మజ్జిగలోనో కలిపిపెడితే మాత్రం, తర్వాత అతను తాగినప్పుడు రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. దయచేసి ఆ పని చేయకండి. వ్యసన విముక్తి కోసం జాతీయ ఉచిత సహాయవాణి 14446కు ఫోన్ చేయండి.