బడి ముంగిట నీరడుగని మొక్కలు

ఈ సంవత్సరము మా పాఠశాల యావరణమున పడమటి గోడ ప్రక్కనున్న కొంత స్థలము పూలతోట నిమిత్తము మాకు ఒప్పగింపబడినది. గడచిన రెండేండ్లును అచ్చట నాటిన గులాబులు, చేమంతులు వేసవి సెలవులలో నీరు పోయువారు లేక మాడిపోయినవి. చిత్తూరు వైపున నీవా యనియు, మన వైపున పొన్నై యనియు పిలువబడు మన యేరు వానలు కురిసిన దినములలో తప్ప ఇసుకమేటయే కదా! కావున ఈసారి ఆకులందును కాడలందును నీటిని దాచుకొను రసభరిత మొక్కలను నాటవలెనని నిశ్చయించితిమి. ఇంటి ముంగిట అట్టివి పెంచగోరు తల్లిదండ్రులకును ఉపయోగపడునని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ముందుగా ఈ మొక్కల పేర్లు ఎనిమిదవ తరగతివారి నడిగితిమి. కొందరు క్యాక్టస్ అనిరి. కొందరు కళ్ళి యనిరి. జెముడు అన్నవాడు ఒక్కడే. వాని అవ్వ అట్లు పిలుచునట. ఆ అవ్వకు మా నమస్కారములు. తెలుగున జెముడును, తమిళమున కళ్ళియు ఒక్క మొక్క పేరు కాదు. ఒక గుంపు పేరు. కాడజెముడును తమిళులు తిరుగుకళ్ళి యందురు. బొమ్మజెముడు చదురక్కళ్ళి, ఆకుజెముడు ఇలైక్కళ్ళి, నాగజెముడు చప్పాత్తిక్కళ్ళి. లిన్నేయసు పండితుడు 1753లో కాడజెముడునకు శాస్త్రనామము పెట్టునపుడు మలయాళదేశపు పేరునే తీసికొని ‘తిరుకల్లి’ యని వ్రాసెను. మన ప్రక్క భాషలోని పల్లెమాట ఇట్లు ప్రపంచమంతయు తిరిగినది.

అయితే ఈ గుంపులో రెండు వేరు వేరు కుటుంబములు కలిసియున్నవి. గాటు పెట్టిన తోడనే పాలు కారునవి యొక కుటుంబము: కాడజెముడు, బొమ్మజెముడు, ఆకుజెముడు. పాలు లేక జిగురునీరు మాత్రము గలది నాగజెముడు. నిజమైన క్యాక్టస్ అదియే. దాని జన్మస్థానము అమెరికా ఖండము. అది మన దేశమునకు వచ్చిన కథ వినదగినది.

ఎఱ్ఱరంగు నిచ్చు కొచినీలు పురుగు నాగజెముడు జాతులపై బ్రదుకును. ఆ రంగు వ్యాపారముపై ఆశతో కుంఫిణీవారు ఈ మొక్కలను పెంచిరి. 1795లో బ్రెజిలు నుండి పురుగును తెచ్చిరి. కాని అది మంచి రంగునిచ్చు జాతి కాదు. రంగు దొరకలేదు గాని, ఆ పురుగు ఒక జాతి నాగజెముడును తినివేయుచుండుట కనిపెట్టి, 1863 మొదలు 1868 వఱకు దక్షిణ దేశమున దానిని బుద్ధిపూర్వకముగా వదలిరి. ఒక కలుపుమొక్క నణచుటకై పురుగును ప్రయోగించి ఫలము పొందుట లోకమున అదియే మొదటిసారి యందురు. మరియొక జాతి నాగజెముడు మాత్రము లొంగక బీళ్ళను ఆక్రమించినది. దానికి వేరొక పురుగును 1926లో సింహళము నుండి తేవలసివచ్చెను. చూడముచ్చటగా నున్నదని తెచ్చి విడిచిన మొక్క పొలమునకు శత్రువగుట ఇట్లే. కనుక నాగజెముడు ముక్కలను విరిచి కంచె అవతల పారవేయకుడు; పడినచోటనే వేరూనును.

పాలుగల జెముళ్ళను బడిలో నాటబోము. మేము మునుపు పనిచేసిన యొక పాఠశాలలో కాడజెముడు కంచె యుండెడిది. ఒక బాలుడు ఆటలో దాని కొమ్మ విరువగా పాలు కంట పడినవి. వెంటనే నీటితో చాలసేపు కడిగి ఆసుపత్రికి కొనిపోతిమి. చూపు దక్కినది గాని నాలుగు దినములు కన్ను తెరువలేకపోయెను. ఆ కంచెను నాటించినది మేమే. గన్నేరు, పచ్చగన్నేరు, ఇప్పుడు మొక్కల అంగళ్ళలో ఎడారిగులాబి యని అమ్ముచున్న అడీనియము కూడ విషము గలవియే. ప్రాకులాడు పిల్లలున్న యింట అందుబాటులో నుంచరాదు.

మఱి నాటదగినవేవి? మాకు అన్నింటికంటె ప్రియమైనది రణపాల. తమిళమున రణకళ్ళి. ఇది మడగాస్కరు ద్వీపము నుండి వచ్చినది. ఆకును తడిమట్టిపై పడవేసిన అంచుగంట్ల నుండి పిల్లమొక్కలు లేచును. దీనివలన శాస్త్రమున కొక గొప్ప సంగతి తెలిసినది. గోదావరి ప్రాంతపు సామర్లకోట తోటలో రాక్స్‌బరో తరువాత పనిచేసిన బెంజమిన్ హైన్ అను వైద్యుడు, ఈ యాకు ఉదయమున పుల్లగాను, మధ్యాహ్నమునకు చప్పగాను ఉండునని గుర్తించి యొక లేఖ వ్రాసెను; అది 1815లో అచ్చయినది. దాని కారణము తరువాతివారు విడదీసి చెప్పిరి. సామాన్యమైన మొక్కలు పగటివేళ ఆకుల రంధ్రములు తెరచి గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించును. ఆ రంధ్రముల గుండనే నీరు ఆవిరియై పోవును. రణపాల వంటివి రాత్రి చల్లదనమున రంధ్రములు తెరచి, ఆ వాయువును ఆమ్లరూపమున దాచుకొని, పగలు తలుపులు మూసికొని సూర్యకాంతితో ఆహారము వండుకొనును. ఆ ఆమ్లమే ఉదయపు పులుపు. విద్యార్థులు దీనిని నాలుకతో పరీక్షింపరాదు. ఆకులో కొంత విషగుణము కలదు. ఉదయమొకటి, సాయంకాలమొకటి ఆకు నలిపి నీలి లిట్మస్ కాగితమున కద్దిన చాలును.

ఈ కారణముననే మరియొక మాట. పూవువలె రెక్కలు పేర్చుకొనిన చిన్న చిన్న ఎచివేరియా మొక్కలు బెంగుళూరు నుండి తెచ్చి అమ్ముచున్నారు. అవి మెక్సికో కొండప్రాంతములవి. చల్లని రాత్రులు వానికి కావలెను. వేలూరు సీమలో వేసవియెండ 40 డిగ్రీలు దాటును, రాత్రియు ఉక్కయే. మేము కొన్న మూడును వైశాఖము లోపలనే కుళ్ళినవి. డబ్బు దండుగ.

కలబంద, చాగ, గడ్డిగులాబి మాత్రము మన యెండకు వెఱవవు. చాగ మన దేశపు మొక్కయే. తమిళులు మరుళ్ అందురు. దాని నార పూర్వము వింటినారికి వాడెడివారు. కలబందను ద్వారమునకు తలక్రిందులుగా వ్రేలాడదీసినను నెలల తరబడి పచ్చగా నుండుట అందఱు ఎఱిగినదే. కిత్తనార అందమైనది గాని ఆకు కొన సూదివలె నుండును. బాలురు పరుగెత్తు త్రోవలో వలదు.

నాటుటలో కష్టము లేదు. ఏటియిసుక ఒక పాలు, ఎఱ్ఱమన్ను ఒక పాలు, మాగిన యెరువు పిడికెడు. కుండీ అడుగున రంధ్రముండవలెను. దానిపై పెంకుముక్క బోర్లించవలెను. మన్ను పూర్తిగా ఆరిన పిదపనే నీరు. ఇవి ఎండకంటె ఐప్పసి, కార్తిక మాసముల వానకే ఎక్కువగా చచ్చును. అప్పుడు కుండీలను చూరు క్రిందికి జరుపవలెను. కుండీ క్రింద నీరు నిలుచు పళ్ళెము పెట్టినచో దోమలు పెరుగును.

వానలు వెలసిన పిమ్మట, సంక్రాంతి సెలవులు కాగానే నాటుట ప్రారంభింతుము. ఇంట రణపాల గాని, చాగ గాని, కలబంద పిలక గాని యున్నవారు ఒక్కొక్కటి పంపవలసినదిగా తల్లిదండ్రులను కోరుచున్నాము. మొక్కతోబాటు మీ యింట పెద్దలు దానిని ఏ పేరున పిలుతురో తెలుగున వ్రాసి పంపుడు. ఆ పేరును, దాని క్రింద తమిళపు పేరును పెంకులపై వ్రాసి మొక్కమొక్కకును నిలుపుదుము.