కల్లులో కలిసే మందు: కళాశాలలో చదువదగిన పాఠం

మనస్సును మార్చే పదార్థాలు, వాటికి మనిషి బానిస కావడం, వాటి విషయంలో ప్రభుత్వాలు అనుసరించే విధానం - ఈ మూడింటిని కలిపి కళాశాలలో ఒక పాఠ్యాంశంగా బోధించవలెనంటే పెద్దలు కొందరు నొసలు చిట్లిస్తారు. "ఇవి పిల్లలకు నేర్పే విద్యలా?" అని అడుగుతారు. కొకైన్, హెరాయిన్ అనే పేర్లు వినగానే అవి ఏ దూరదేశపు సంగతులో అనిపించడం సహజమే. కాని కొడంగల్ విద్యార్థికి ఈ పాఠం కోసం దూరం పోవలసిన పనిలేదు. ఊరి కల్లు దుకాణం దాకా నడిస్తే చాలును.

కొడంగల్, తాండూరు తాలూకాలు 1956 వరకు గుల్బర్గా జిల్లాలోవి. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో అవి తెలుగు రాష్ట్రానికి వచ్చినవి. కొడంగల్ తరువాత చాలాకాలం మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2016లో వికారాబాదు జిల్లాలో చేరింది. జిల్లాలు ఎన్ని మారినా, కందిచేలలోను నాపరాతి గనులలోను ఒళ్లు వంచి పనిచేసినవారు ప్రొద్దుగూకే వేళకు కల్లు త్రాగడం మాత్రం మారలేదు. అందులో స్త్రీలూ ఉన్నారు, వృద్ధులూ ఉన్నారు.

చెట్టు నుండి దిగిన కల్లు సంగతి వేరు. ఈత, తాటి చెట్ల తీపినీరు కుండలో పడిన కొన్ని గంటలకే గాలిలోని, కుండలోని ఈస్టు వలన పులుస్తుంది. దానిలో ఆల్కహాలు నూటికి నాలుగైదు పాళ్లకు మించడం అరుదు. మరునాటికి పులుపెక్కి త్రాగ వీలుకాదు. పైగా చెట్టుకు ఋతువు ఉన్నది, దుకాణానికి లేదు. ఈతచెట్టు చలికాలంలోను, తాటిచెట్టు వేసవిలోను ఎక్కువగా ఇస్తాయి. త్రాగేవారు మాత్రం ఏడాది పొడుగునా వస్తారు. చెట్లు తక్కువై గిరాకి ఎక్కువైనచోట నీటికి శాకరిన్‌తో తీపి, మందుతో మత్తు కల్పించే వ్యాపారం పుట్టింది. చెట్టెక్కే గీత కార్మికుని కష్టానికీ ఈ వ్యాపారానికీ సంబంధం తక్కువ. నింద మాత్రం సాధారణంగా అతని మీదనే పడుతుంది.

ఆ మందులేమిటి? మొదట క్లోరల్ హైడ్రేటు. 1832లో జర్మను శాస్త్రజ్ఞుడు లీబిగ్ దీనిని తయారుచేశాడు. 1869 నుండి వైద్యులు నిద్రమందుగా వాడారు. తరువాత డయజిపాం, అటుపిమ్మట ఆల్‌ప్రజోలాం. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉన్నది. క్లోరల్ హైడ్రేటు ఒక గ్రాము ఒక మనిషిని ఒక రాత్రి నిద్రపుచ్చడానికి సరిపోతుంది. అదే ఒక గ్రాము ఆల్‌ప్రజోలాం, వైద్యులు వ్రాసే అర మిల్లీగ్రాము మాత్రలలో రెండువేల మాత్రలకు సమానం. బస్తాలతో తేవలసిన సరుకు జేబులో ఇమిడిపోతుంది. నిఘా పెరిగినకొద్దీ వ్యాపారి మానివేయడు, మరింత చిన్నదీ మరింత తీవ్రమైనదీ వెదకుకుంటాడు. మత్తు పదార్థాల విధానాన్ని చదివే విద్యార్థి మొదట గ్రహించవలసిన సూత్రాలలో ఇది ఒకటి.

ఇక వ్యసనం. మెదడులో గాబా అనే పదార్థం ఒకటి ఉన్నది. బండి ఎద్దులకు పగ్గం ఎట్లాగో నాడీకణాల ఉద్రేకానికి అది అట్లాగు. ఆల్కహాలు గాని, పైన చెప్పిన మందులు గాని ఆ పగ్గాన్ని మరింత బిగించేవే. నెలల తరబడి మందే పగ్గం పట్టుకుంటూ ఉంటే శరీరం తన పట్టు సడలిస్తుంది. ఆ స్థితిలో మందు హఠాత్తుగా ఆగిపోతే పట్టుకొనే చేయి ఉండదు. నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, లేని మనుషులు కనబడతారు, మూర్ఛలు వస్తాయి. ప్రాణం కూడ పోవచ్చును.

ఇది పుస్తకంలోని ఊహ కాదు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై ప్రభుత్వం గట్టి చర్య తీసుకొన్నప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులకు వందలాదిమంది వచ్చారు. కొందరు మరణించారు. వారు విషం త్రాగి వచ్చినవారు కారు, రోజూ త్రాగేది దొరకక వచ్చినవారు. కొడంగల్ ఆనాడు ఆ మహబూబ్‌నగర్ జిల్లాలోనిదే. దీనికి మరో ముఖం కూడ ఉన్నది: 2021 జనవరిలో వికారాబాదు జిల్లా గ్రామాలలో అనేకులు, 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో మరికొందరు కల్లు త్రాగియే అస్వస్థులయ్యారు. కూకట్‌పల్లిలో ప్రాణాలూ పోయినవి. త్రాగినా ఆపదే, ఒక్కసారి మానినా ఆపదే అయిన చోట దుకాణానికి తాళం వేయడంతో పని సగమే అయినట్లు.

చట్టం ఏమంటున్నది? 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం ఆల్‌ప్రజోలాం నూరు గ్రాములంటే వాణిజ్య పరిమాణం, పది సంవత్సరాలకు తగ్గని కఠిన శిక్ష. ఇది అందరూ ఎరిగినదే. అదే చట్టంలో 64-ఎ అనే సెక్షను ఉన్నదని ఎరిగినవారు తక్కువ. వ్యసనపరుడు తానై చికిత్సకు ముందుకు వస్తే, వాడినందుకు గాని, స్వల్ప పరిమాణం దగ్గర ఉన్నందుకు గాని అతనిపై విచారణ ఉండదు. చికిత్స పూర్తిచేయాలి, అంతే. పట్టుబడిన సరుకు తూకం పత్రికలలో వస్తుంది. ఈ సెక్షను మాట ఎక్కడా రాదు. నా దృష్టిలో ఇది చిన్న లోపం కాదు.

"మత్తు మానండి" అని రేడియోలో చదవడానికి పది సెకన్లు పట్టదు. ఎట్లా మానవలెనో చెప్పడానికి రసాయన శాస్త్రం, వైద్యం, ధర్మశాస్త్రం, అర్థశాస్త్రం కలవాలి. అవి కలిసే చోటు కళాశాల తరగతి. అక్కడ చదివిన అమ్మాయి ఇంట్లో తాతకు వణుకు రాగానే తలుపు గడియపెట్టి ఉంచదు, మందలించదు, మళ్లీ కల్లు తెచ్చి పోయదు. ఆసుపత్రికి తీసుకొనిపోతుంది. అక్కడ వైద్యుడు తరచుగా ఇచ్చేది కూడ డయజిపామే. కల్లులో ఎంత కలిసిందో ఎవరికీ తెలియదు. వైద్యుని చేతిలో అది కొలతతో మొదలై, రోజురోజుకు కొంచెం తగ్గుతూ వస్తుంది. మూర్ఛ వచ్చినా, మాట తడబడి మతి తప్పినా ఒక్క గంట ఆలస్యం చేయరాదు. సలహా కోసం కేంద్ర ప్రభుత్వపు ఉచిత టెలిఫోను సంఖ్య 14446 ఉన్నది.