ఓడలో ఫార్మల్ డిన్నర్.. పిల్లల్ని తీసుకెళ్లాలా? వద్దా?

సికింద్రాబాద్: దావత్‌కు పిల్లల్ని తీసుకెళ్లాలా వద్దా అన్నది మన ఇళ్లల్లో అసలు ప్రశ్నే కాదు. పిలుపు వచ్చిందంటే ఇంటిల్లిపాదీ బయల్దేరాల్సిందే. ఫంక్షన్ హాల్లో భోజనాలు రాత్రి 11 దాటాక మొదలైనా సరే, నిద్ర ఆగని పిల్లాడిని రెండు కుర్చీలు కలిపి పడుకోబెడతారు. బిర్యానీ వడ్డించాక లేపి నాలుగు ముద్దలు పెడతారు. పక్కనున్నవాళ్లు కూడా ఏమీ అనుకోరు. ఎందుకంటే వాళ్ల పిల్లలూ అలాగే పడుకుని ఉంటారు.

అదే కుటుంబం క్రూయిజ్ ఎక్కితే సంగతి వేరు. తెల్లటి టేబుల్ క్లాత్, వరుసగా పేర్చిన ఫోర్కులు, చుట్టూ సూటు బూటు వేసుకున్న జనం. ఒక్కొక్కటిగా వచ్చే వంటకాల కోసం గంటన్నర పాటు కుర్చీలో కూర్చోవాలి. నాలుగేళ్ల పిల్లకు ఇది విందు కాదు, శిక్ష. ఆ పిల్లను సముదాయిస్తూ అమ్మ కూడా సరిగా తినలేకపోతుంది. లక్షలు పోసి వెళ్లిన ట్రిప్‌లో బాగా గుర్తుండాల్సిన రాత్రి చివరికి చిరాకుతో ముగుస్తుంది.

ఓడ ప్రయాణం ఇప్పుడు మనవాళ్లకు మరీ దూరపు మాటేమీ కాదు. కార్డీలియా క్రూయిజెస్ 2021 సెప్టెంబర్‌లో ముంబై నుంచి సర్వీసులు మొదలుపెట్టింది. 2022 జూన్‌లో ఆ కంపెనీ ఓడ విశాఖపట్నానికీ వచ్చింది. 2023 సెప్టెంబర్‌లో విశాఖ పోర్టులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. సికింద్రాబాద్ స్టేషన్‌లో పొద్దున వందే భారత్ ఎక్కితే సాయంత్రానికల్లా వైజాగ్‌లో ఉండొచ్చు. కాస్త ఎక్కువ ఖర్చు పెట్టుకోగలిగినవాళ్లు సింగపూర్, దుబాయ్, యూరప్ ఓడలవైపు చూస్తున్నారు. ఫార్మల్ డిన్నర్ సంగతి ఎక్కువగా ఎదురయ్యేది ఈ విదేశీ ఓడల్లోనే.

ఫార్మల్ నైట్ అంటే ఏమిటి?

పెద్ద ఓడల్లో రోజూ తినడానికి రెండు ప్రధాన చోట్లు ఉంటాయి. ఒకటి బఫే. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లి, కావాల్సింది వడ్డించుకుని తినొచ్చు. రెండోది మెయిన్ డైనింగ్ రూమ్. ఇక్కడ కూర్చోబెట్టి వడ్డిస్తారు. రెండూ మామూలుగా టికెట్ ధరలోనే కలిసి ఉంటాయి.

ట్రిప్‌లో ఒకటి రెండు రాత్రులు ఈ డైనింగ్ రూమ్‌లో ‘ఫార్మల్ నైట్’ ఉంటుంది. చాలా కంపెనీల్లో ఐదు రాత్రుల లోపు ట్రిప్‌కు ఒకటి, వారం రోజుల ట్రిప్‌కు రెండు. ఆ రాత్రి అందరూ మంచి దుస్తుల్లో వస్తారు. ఫొటోలు తీస్తారు. సూటే వేసుకోవాలేమోనని మనవాళ్లు కంగారుపడక్కర్లేదు. షేర్వాణీ, పట్టుచీర, సల్వార్ కమీజ్ వేసుకుని వెళ్తే అక్కడ గౌరవంగానే చూస్తారు. పిల్లలకైతే కాలర్ ఉన్న చొక్కా, ప్యాంటు, షూ చాలు. గుచ్చుకునే జరీ, బిగుసుకుపోయే బో టై పిల్లాడి ఓపికను సగానికి తగ్గించేస్తాయి.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. ఫార్మల్ నైట్‌కు వెళ్లి తీరాలన్న నియమం ఏమీ లేదు. ఆ రాత్రి కూడా బఫే తెరిచే ఉంటుంది. చాలా ఓడల్లో గదికే భోజనం తెప్పించుకోవచ్చు. కాబట్టి పిల్లలతో వెళ్లడం కుటుంబం ఇష్టమే తప్ప ఎవరి బలవంతమూ కాదు.

దుస్తుల నియమాలు మన ఊరికి కొత్తా అంటే, అదీ కాదు. కంటోన్మెంట్ మెస్సులు, 1878లో మొదలైన సికింద్రాబాద్ క్లబ్ ఆ బ్రిటిష్ అలవాట్ల నీడలోనే పెరిగాయి. ఆ కాలపు దొరల ఇళ్లల్లో పిల్లలు పెద్దల డిన్నర్ టేబుల్ దగ్గరికి వచ్చేవారే కాదు. సాయంత్రమే ఆయా తినిపించి పడుకోబెట్టేది. ఇంగ్లండ్ నుంచి బొంబాయి వచ్చే ఓడల్లోనూ పిల్లల భోజనం పెద్దలకంటే ముందే, విడిగా జరిగేది. ఇప్పటికీ కొన్ని బ్రిటిష్ ఓడల్లో సాయంత్రం 5 ప్రాంతంలో పిల్లలకు ముందుగా భోజనం పెట్టే ఏర్పాటు ఉంది. దాన్ని ‘చిల్డ్రన్స్ టీ’ అంటారు. పేరులో టీ ఉన్నా అది భోజనమే.

ముందు పిల్లాడి గడియారం చూడండి

డైనింగ్ రూమ్‌లో సాధారణంగా రెండు పంక్తులు ఉంటాయి. మొదటిది సాయంత్రం 5.30 నుంచి 6 మధ్య, రెండోది రాత్రి 8 నుంచి 8.30 మధ్య. పిల్లలున్నవాళ్లు మొదటి పంక్తే తీసుకోవాలని అందరూ చెప్తారు. అమెరికా కుటుంబాలకు అది సరైన సలహానే. సికింద్రాబాద్ నుంచి వెళ్లేవాళ్లు మాత్రం ఇంకో లెక్క వేసుకోవాలి. ఓడ గడియారం ఒకటి చూపిస్తుంది, పిల్లాడి కడుపు ఇంకొకటి చూపిస్తుంది.

సింగపూర్ టైమ్ మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ సాయంత్రం 6 అంటే మన పిల్లాడికి మధ్యాహ్నం 3.30. ఆకలి ఉండదు. ముందు పెట్టినదల్లా పక్కకు నెడతాడు. రాత్రి 8.30 పంక్తి అంటే వాడికి సాయంత్రం 6 మాత్రమే. మూడు నాలుగు రాత్రుల సింగపూర్ ట్రిప్‌లో పిల్లలకు రెండో పంక్తే నయం.

యూరప్‌లో లెక్క తలకిందులవుతుంది. ఎండాకాలంలో రోమ్, బార్సిలోనా టైమ్ మనకంటే మూడున్నర గంటలు వెనుక. అక్కడ సాయంత్రం 6 అంటే మనకు రాత్రి 9.30. రెండో పంక్తి 8.30కి మొదలైతే పిల్లాడి లెక్కలో అర్ధరాత్రి! దావత్‌లో కలిపి వేసినట్టు ఇక్కడ కుర్చీలు కలపడం కుదరదు. మొదటి పంక్తే తీసుకోవాలి. అది కూడా ఎక్కిన రోజే కాకుండా మూడో రోజుకో నాలుగో రోజుకో ఫార్మల్ నైట్ పడితే పిల్లలు ఆ టైమ్‌కు కొంత అలవాటు పడి ఉంటారు.

దుబాయ్‌తో తేడా గంటన్నరే. అక్కడి 6 మన 7.30. ఇంట్లో తినే వేళకు దాదాపు సరిపోతుంది. చెన్నై, విశాఖ, ముంబై ఓడల్లో అయితే ఈ తలనొప్పే లేదు.

పంక్తి ఎంపిక బుకింగ్ అప్పుడే అడుగుతారు. ఏజెంట్ తనకు తోచింది పెట్టేయకముందే చెప్పాలి. ఓడ ఎక్కాక మార్చుకోవాలంటే ఖాళీ ఉండాలి, లైన్‌లో నిలబడాలి.

ఏ వయసు పిల్లలకు ఏది సరిపోతుంది?

చాలా ఓడలు 6 నెలలు నిండని పసిపిల్లలను ఎక్కించుకోవు. వరుసగా ఎక్కువ రోజులు సముద్రంలోనే ఉండే ట్రిప్‌లకైతే ఏడాది నిండాలని అడుగుతాయి.

మూడేళ్లలోపు పిల్లలకు ఫార్మల్ డిన్నర్‌తో పని లేదు. వెళ్లాల్సి వస్తే ముందే బఫేలో కడుపునిండా తినిపించాలి. డైనింగ్ రూమ్‌లో హై చైర్ అడిగి, తలుపుకు దగ్గరగా ఉన్న టేబుల్ తీసుకోవాలి.

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు అరగంట, ముప్పావుగంట బాగానే కూర్చుంటారు. ఆ తర్వాత వాళ్ల తప్పు కాదు. ‘పిల్లలకు ఒకేసారి తెచ్చేయండి’ అని వెయిటర్‌కు మొదట్లోనే చెప్తే, పెద్దలకు స్టార్టర్ వచ్చేలోపే వాళ్ల ప్లేటు వచ్చేస్తుంది.

ఏడు దాటినవాళ్లకు ఇది నిజంగా సరదా. మెనూ తామే చదువుకుని, తామే ఆర్డర్ చెప్పుకోవడం వాళ్లకు గొప్ప విషయం. అమ్మ వాళ్ల తరఫున చెప్పేయకుండా ఉంటే చాలు.

కిడ్స్ క్లబ్ మాటేమిటి?

పెద్ద ఓడల్లో పిల్లల కోసం కిడ్స్ క్లబ్ ఉంటుంది. మూడేళ్లు నిండి, డైపర్ మానేసిన పిల్లలనే సాధారణంగా చేర్చుకుంటారు. రాయల్ కరీబియన్, డిస్నీ ఓడల్లో ఇంకో సౌకర్యం ఉంది. పిల్లలు కుటుంబంతో కూర్చుని ముప్పావుగంటలోపే తినేస్తారు. తర్వాత క్లబ్ సిబ్బంది వచ్చి వాళ్లను ఆటలకు తీసుకెళ్తారు. పెద్దలు మిగతా భోజనం నిదానంగా ముగించుకోవచ్చు. అన్ని ఓడల్లో, అన్ని పంక్తుల్లో ఇది ఉండదు. కనుక ముందే కనుక్కోవాలి. రాత్రి 10 దాటాక క్లబ్‌లో ఉంచితే గంటకు ఇంత అని ఫీజు వసూలు చేసే ఓడలున్నాయి.

తెలియని మనుషులతో పిల్లలు ఉండరేమోనని చాలామంది వెనకాడతారు. ఫార్మల్ నైట్ రోజే తీసుకెళ్లి వదిలేస్తే ఉండరు మరి. ఎక్కిన మొదటిరోజు పగలు ఓ గంట అలవాటు చేస్తే, రాత్రికి వాళ్లే వెళ్తామంటారు.

ఎవరి పళ్లెం చల్లారుతోంది?

ఈ విషయంలో ఎవరూ పైకి అనని మాట ఒకటుంది. పిల్లాడు ఏడిస్తే లేచేది అమ్మే. బాత్రూమ్ అంటే లేచేది అమ్మే. చెంచా కింద పడితే వంగేది అమ్మే. ఇంట్లో ఎలాగూ అందరికీ వడ్డించి చివర తినే మనిషి, కూర్చోబెట్టి వడ్డించే చోటికి వెళ్లి కూడా చల్లారిన అన్నమే తింటుంది.

నానమ్మ, తాతయ్య, బాబాయి కలిసి వెళ్లే పెద్ద కుటుంబాలకు దీనికి విరుగుడు చేతిలోనే ఉంది. టేబుల్ దగ్గర కూర్చోకముందే వంతులు వేసుకోవడం. స్టార్టర్ అయ్యేదాకా నాన్న బాధ్యత, అసలు భోజనం అప్పుడు బాబాయి, స్వీటు వేళకు అమ్మ. లేవాల్సి వస్తే వంతు ఎవరిదో వాళ్లే లేస్తారు. నానమ్మకు ఆ మసాలా లేని తిండి ఎలాగూ నచ్చదు కాబట్టి ఆవిడే పిల్లాడితో గదిలో ఉంటుందిలే అని తేల్చేయడం కూడా న్యాయం కాదు. ఆవిడ పట్టుచీర కూడా సూట్‌కేసులో ఉంది.

ప్లేటులో ఏముందో అడగండి

హలాల్, వెజ్, జైన్ భోజనం కావాలంటే బుకింగ్ అప్పుడే రాయించాలి. సింగపూర్ నుంచి నడిచే జెంటింగ్ డ్రీమ్ లాంటి ఓడల్లో హలాల్ వంటకూ, శాకాహారానికీ విడిగా ఏర్పాట్లు ఉన్నాయి. మిగతా చోట్ల హెడ్ వెయిటర్‌ను కలిసి, మరుసటి రాత్రి మెనూ ఒకరోజు ముందే చూసి చెప్పుకోవచ్చు. చాలా ఓడల్లో ఇది మామూలే. ఎవరూ విసుక్కోరు.

పిల్లల విషయంలో జాగ్రత్తపడాల్సింది ఎక్కువగా స్వీట్ల దగ్గరే. తిరమిసులో మద్యం కలిపే అలవాటుంది. కొన్ని సాసుల్లో వైన్ పోస్తారు. జెల్లీ, మార్ష్‌మెలోల్లో జెలటిన్ ఉంటుంది, అది పంది నుంచి తీసినదీ కావొచ్చు. వేరుశనగ, జీడిపప్పు, రొయ్య లాంటివి పడని పిల్లలుంటే ప్రతి రాత్రీ, ప్రతి వెయిటర్‌కూ చెప్పాల్సిందే.

ఇంట్లోనే రిహార్సల్

పిల్లలకు మర్యాద ఓడలో నేర్పలేం. నెల ముందు ఇంట్లో మొదలుపెట్టాలి. కొత్తగా నేర్పేది కూడా పెద్దగా ఏమీ లేదు. దస్తర్‌ఖాన్ పరిచే ఇళ్లల్లో పెద్దలు మొదలుపెట్టేదాకా ఆగడం, తన ముందున్నదే తినడం పిల్లలకు చిన్నప్పుడే వస్తుంది. విస్తరి వేసే ఇళ్లల్లో పంక్తి లేచేదాకా లేవకూడదన్న మాట ప్రతి పిల్లా వినే పెరుగుతుంది. ఫార్మల్ డిన్నర్ అడిగేదీ దాదాపు అదే. మధ్యలో ఫోర్కు, చాకు వచ్చి చేరాయంతే.

ఎడమచేతిలో ఫోర్కు పట్టుకుని తినడం ఇష్టం లేనివాళ్లు చాకుతో ముక్కలు కోసుకుని, ఫోర్కును కుడిచేతికి మార్చుకుని తినొచ్చు. అమెరికాలో చాలామంది తినేది అలాగే. ఎవరూ వింతగా చూడరు.

వీలైతే ప్యారడైజ్‌కో, ఇంటి దగ్గరి మరో హోటల్‌కో వెళ్లి, ఫోన్ ఇవ్వకుండా ఒక గంట కూర్చోబెట్టి చూడండి. ఎన్నో నిమిషంలో పిల్లాడి ఓపిక అయిపోయిందో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి. ఓడలో వాడు కూర్చోగలిగేదీ దాదాపు అంతే. దానికి మించి ఆశించొద్దు. నిశ్శబ్దంగా గడిచే వస్తువులు, అంటే రంగు పెన్సిళ్లు, చిన్న పుస్తకం బ్యాగులో ఉంచండి. చప్పుడు చేసే ఫోన్ వీడియోలు పక్క టేబుల్ వాళ్లకు ఏడుపుకంటే ఎక్కువ ఇబ్బంది.

ఏడుపు మొదలైతే?

సముదాయిస్తూ పది నిమిషాలు కూర్చోవద్దు. వంతు ఉన్నవాళ్లు లేచి పిల్లాడిని డెక్ మీదకు తీసుకెళ్లాలి. గాలి తగిలితే చాలాసార్లు అక్కడే సర్దుకుంటుంది. తిరిగొచ్చి మిగతాది తినొచ్చు. రాలేకపోతే గదికే తెప్పించుకోవచ్చు. మధ్యలో లేవడం అక్కడ అవమానం కాదు. పక్కవాళ్ల భోజనం చెడకుండా చూసుకోవడమే అక్కడి అసలు మర్యాద.

పిల్లాడిని అందరిముందూ గద్దించడం మాత్రం వద్దు. వాడు పొద్దున్నుంచీ ఈత కొట్టి, ఓడంతా పరిగెత్తి, తెలియని తిండి ముందు కూర్చున్నాడు. ఫొటోలో నవ్వకపోయినా పర్వాలేదు. ఏ పంక్తికి వెళ్లాలో, ఎవరి వంతు ఎప్పుడో ముందే అనుకుని వెళ్తే, కనీసం ఒక్క రాత్రయినా ఇంట్లో అందరూ వేడివేడిగా తిని లేస్తారు. అమ్మతో సహా.