విప్పితే పలక, బిగిస్తే బీరువా

పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒక్కో మీటరు ఉన్న చెక్కపెట్టె ఒకటి ఊహించుకోండి. మామూలు కుర్చీలైతే అందులో మూడో నాలుగో పడతాయి. వియన్నాలోని మైకేల్ తోనెట్ కంపెనీ అంత పెట్టెలోనే 36 కుర్చీలు సర్ది సముద్రాలు దాటించింది. 1859లో వచ్చిన ఆ కుర్చీకి పేరంటూ లేదు, 14వ నంబరు కుర్చీ అనేవారు. ఆరు కర్రముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు. కుర్చీ మొత్తం అంతే. బీచ్ కర్రను ఆవిరిలో మగ్గబెట్టి, వంపుకు వెలుపలి వైపున ఇనుప బద్దె బిగించి వంచేవారు. వంచేటప్పుడు కర్ర సాగితే చీలిపోతుంది. బద్దె దాన్ని సాగనివ్వదు కాబట్టి లోపలి వైపు నొక్కుకుని చక్కగా వంపు తిరుగుతుంది. తోనెట్ పనితనమంతా ఆ ఇనుప బద్దెలోనే ఉంది. ముక్కలుగా ఓడెక్కిన కుర్చీని దిగిన ఊళ్లో ఎవరో ఒకరు బిగిస్తే చాలు, కాఫీ హోటల్లో వేసుకోవచ్చు. 1930 నాటికి సుమారు 5 కోట్లు అమ్ముడుపోయాయి. వందేళ్లు దాటినవి ఇప్పటికీ మనిషి బరువు మోస్తున్నాయి.

ఈ కుర్చీతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. అట్టపెట్టెలో పలకలుగా వచ్చి ఇంట్లో బిగించుకునే సామాను గురించి మన ఇళ్లలో ఒకే మాట వినిపిస్తుంది: "ఎన్నాళ్లుంటుందిలే!" విడదీయగలిగేది ఏదైనా నాసిరకమేనన్న నమ్మకం ఆ మాట వెనక ఉంది. కానీ మన తాతలు పడుకున్న పట్టెమంచం ఏమిటి? నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు. ఇరుకు గుమ్మంలోంచి పట్టకపోతే ఊడదీసి లోపల మళ్లీ కూర్చేవారు. దాన్ని ఎవరూ చులకన చేయలేదు. విప్పడంలో తప్పేమీ లేదు. తప్పు ఎక్కడుందో వెతకాలంటే ఈ సామాను పుట్టుక దగ్గరికి వెళ్లాలి.

స్వీడన్‌లోని అగున్నరీడ్ అనే చిన్న ఊరిలో ఇంగ్వార్ కాంప్రాడ్ 1943లో, 17 ఏళ్ల వయసులో, ఐకియా పేరుతో వ్యాపారం మొదలుపెట్టాడు. 1956లో అతని ఉద్యోగి గిలిస్ లండ్‌గ్రెన్ ఆకు ఆకారపు బల్ల ఒకదాన్ని కారులో పెట్టబోతే పట్టలేదు. కాళ్లు ఊడదీస్తే పట్టింది. లోవెట్ అనే ఆ బల్లతో కంపెనీకి దారి దొరికిందని చెబుతారు. బిగించిన బీరువాను లారీలో ఎక్కిస్తే మనం కిరాయి కట్టేది ఎక్కువగా దాని లోపలి గాలికే. ఆ గాలిని మోయడం మానేస్తే మిగిలే డబ్బు కొనేవాడికి తగ్గింపుగా ఇవ్వొచ్చు. బిగించే కూలీ కూడా కొనేవాడి చేతికే వదిలేయొచ్చు. అదే లండ్‌గ్రెన్ 1979లో గీసిన బిల్లీ పుస్తకాల బీరువా ప్రపంచంలో ఎన్ని అద్దె గదుల్లోకి చేరిందో లెక్కకు అందదు.

అయితే ఈ కథలో అసలు పాత్ర ఆ ఇద్దరిదీ కాదు, పార్టికల్ బోర్డుది.

గుండ్రటి మానును చదరపు పలకలుగా కోస్తే అంచులు, కొమ్మలు, చిత్రిక పట్టినప్పుడు రాలే పొరలు, రంపపు పొట్టు అన్నీ పోగా చేతికి మిగిలేది తక్కువ. 1930లలో జర్మన్ ఇంజనీరు మాక్స్ హిమ్మెల్‌హీబర్ పొయ్యిలోకి పోయే ఆ వ్యర్థాన్నే పలకగా మార్చే పద్ధతి రూపొందించాడు. చెక్కపేళ్లను ఎండబెట్టి, జిగురు పట్టించి, పరుపులా పరిచి, వేడి పలకల మధ్య గట్టిగా అదిమితే బోర్డు తయారవుతుంది. ఇప్పటి బోర్డుల్లో పైనా కిందా సన్నని పొట్టు, నడుమ ముతక పేళ్లు ఉంటాయి. పైన చెక్క బొమ్మ ముద్రించిన కాగితం అంటిస్తారు. చెట్టును ఇంతకంటే పొదుపుగా వాడే పని చాలా కొద్ది. దీన్ని "చెత్తతో చేసింది" అని ఈసడించుకునేవాళ్లకు నా జవాబు ఒక్కటే: చెత్తగా కాలిపోయే కర్ర ఒకరి ఇంట్లో పుస్తకాలు మోస్తోంది, అందులో చిన్నతనం ఏముంది?

పైగా, విప్పి కట్టే సామానుకు పార్టికల్ బోర్డు కేవలం చవక సరుకు కాదు. అది లేకపోతే ఈ పద్ధతి ఈ స్థాయికి వచ్చేదే కాదు. వానాకాలంలో మన ఇంటి తలుపులు బిగుసుకుపోవడం తెలిసిందే. అసలు కర్ర తేమకు నారకు అడ్డంగా ఉబ్బుతుంది, ఎండకు తగ్గుతుంది. అలాంటి వెడల్పాటి పలకకు ఒక దేశపు ఫ్యాక్టరీలో మిల్లీమీటరు లెక్కన రంధ్రాలు వేసి, ఇంకో దేశపు వాతావరణంలో బిగించమంటే ఒకదానికొకటి కలవకపోవచ్చు. బోర్డులో పేళ్లు అన్ని దిక్కులకూ పడుకుని ఉంటాయి కాబట్టి పొడవు వెడల్పుల్లో పెద్దగా మార్పు రాదు. అందుకే యంత్రం ధైర్యంగా రంధ్రాలు వేయగలిగింది. బీరువా లోపలి గోడల మీద నిలువునా వరసగా కనిపించే 5 మిల్లీమీటర్ల చిల్లుల మధ్య దూరం 32 మిల్లీమీటర్లు. ఒకేసారి అనేక బరమాలు తిప్పే జర్మన్ యంత్రంలో పళ్లచక్రాలను అంతకంటే దగ్గరగా అమర్చలేకపోయారు. ఆనాటి యంత్రానికి ఉన్న ఇబ్బంది ఇవాళ్టికీ ప్రపంచమంతటా వంటింటి అలమరాలకు కొలతగా నిలిచింది.

ఇక కీలు. మన వడ్రంగులు మినీఫిక్స్ అనే చిన్న బిళ్లను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. వ్యాసం 15 మిల్లీమీటర్లు. లోపలి గాడి నత్తగుల్ల వంపులా ఉంటుంది. పక్క పలకలో బిగించిన సన్నని బోల్టు తల ఆ గాడిలో దూరుతుంది. స్క్రూడ్రైవర్‌తో అర చుట్టు తిప్పితే గాడి ఆ తలను కొద్దికొద్దిగా తన వైపు లాక్కుని రెండు పలకలనూ అదిమి పట్టేస్తుంది. పార్టికల్ బోర్డు బలహీనత దాని కోసిన అంచు. ముతక పేళ్లున్న అంచులో స్క్రూ మర గట్టిగా కూర్చోదు, లాగితే పొట్టుతో సహా ఊడొస్తుంది. ఈ బిళ్ల అంచులో మరలు పెట్టకుండా, తన గుండ్రటి ఒంటితో బోర్డును నొక్కి పట్టుకుంటుంది. లాగితే ఊడే సరుకును నొక్కితే నిలిచేట్టు వాడుకోవడం ఇది. బరువు మాత్రం పక్కనున్న చెక్క మేకులు మోస్తాయి. ఇలాంటి తెలివి నాకు ఏ పాతకాలపు కూర్పులోనూ తక్కువగా అనిపించదు. దీనికి తోడుగా వచ్చే ఆరు పలకల తాళంచెవి లాంటి అలెన్ కీ పేరు, 1910లో అమెరికాలో పేటెంటు పొందిన విలియం అలెన్‌ది.

మరి చెడ్డపేరు ఎందుకొచ్చింది? ఊరికే రాలేదు.

మొదటి కారణం నీళ్లు. అదిమి చేసిన పేళ్లకు తడి తగిలితే పాత మందానికి తిరిగి పోవాలని చూస్తాయి. ఒకసారి ఉబ్బిన అంచు ఎండినా మళ్లీ తగ్గదు, పట్టూ ఉండదు. రోజూ బకెట్టు నీళ్లతో గచ్చు తుడిచే మన ఇళ్లలో బీరువా కింది అంచే ముందు పోవడానికి ఇదే కారణం. సరుకు పుట్టిన ఐరోపా ఇళ్లకు ఈ అలవాటు లేదు. కింద అర అంగుళం ప్లాస్టిక్ గుబ్బలు వేసి అంచులకు పట్టీ వేస్తే ఈ జబ్బు చాలావరకు రాదు, కానీ చవక కంపెనీలు మిగుల్చుకునేది సరిగ్గా అక్కడే.

రెండోది వంగడం. టేకు పలక బిగువులో పార్టికల్ బోర్డుకు నాలుగో వంతు ఉంటే గొప్ప. ఇక్కడ ఒక లెక్క చూడాలి. నిండా పుస్తకాలు పేర్చిన అర ఎంత వంగుతుందన్నది పొడవు నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. అంటే 60 సెంటీమీటర్ల అరకంటే 90 సెంటీమీటర్ల అర ఒకటిన్నర రెట్లు కాదు, ఐదు రెట్లు వంగుతుంది. మందం మాత్రం మూడో ఘాతంలో మేలు చేస్తుంది: 18 మిల్లీమీటర్ల బదులు 25 వేస్తే వంపు మూడో వంతుకు దగ్గరపడుతుంది. పైగా బోర్డు ఏళ్ల తరబడి మోసేకొద్దీ ఇంకా ఇంకా జారుతుంది. కొనేటప్పుడు అందరూ రంగు చూస్తారు. చూడాల్సింది రెండు నిలువు పలకల మధ్య దూరం.

ఇంకో చిన్న సంగతి చాలామందికి తెలియదు. వెనక వేసే 3 మిల్లీమీటర్ల అట్టలాంటి పలక అలంకారం కాదు. అది లేని బీరువా తోస్తే పక్కకు ఒరిగిపోయే చట్రం మాత్రమే. ఆ పల్చని పలకను చుట్టూ మేకులతో బిగిస్తేనే మూలలు లంబంగా నిలుస్తాయి. బిగించేటప్పుడు విసుగొచ్చి చివరి పది మేకులు వదిలేసిన బీరువాలే ఎక్కువగా ఊగుతాయి.

జిగురు మాటా దాచకూడదు. యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ వాయువు నెమ్మదిగా బయటికొస్తుంది, వేడీ తేమా పెరిగితే ఇంకా ఎక్కువగా. 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ఈ1 వంటి తక్కువ విడుదల గుర్తులున్న బోర్డులు దొరుకుతున్నాయి. కొత్త సామానుకు ఘాటు వాసన వస్తుంటే గది కిటికీలు కొన్ని వారాలు తెరిచే ఉంచాలి, చంటిబిడ్డ గదిలో అసలు పెట్టకూడదు. ఈ విషయంలో నేను ఎవరినీ వెనకేసుకురాను.

సొరుగుల బీరువాలు మీదపడి పిల్లలు చనిపోవడం అన్నిటికంటే బాధాకరం. 2016లో ఐకియా అమెరికాలో మాల్మ్‌తో సహా 2.9 కోట్ల సొరుగుల బీరువాలను వెనక్కి పిలిచింది. 2022లో అక్కడ బీరువాలు ఒరగకుండా ఉండేందుకు ప్రత్యేక చట్టమే వచ్చింది. ఇది పొట్టు బోర్డు తప్పు కాదు, బరువు కేంద్రం లెక్క. సొరుగులన్నీ లాగి వాటి మీద పిల్లవాడు ఎక్కితే టేకు బీరువా అయినా ముందుకు తూలుతుంది. కానీ తేలికగా, సన్నగా చేసిన బీరువాలో ఆ ప్రమాదం ఇంకా దగ్గర. గోడకు బిగించే ఇనుప పట్టీ పెట్టెలోనే వస్తుంది. మన అద్దె ఇళ్లలో గోడకు చిల్లు పెట్టనివ్వని యజమానులు ఈ సంగతి తెలుసుకోవాలి.

2018 ఆగస్టు 9న హైదరాబాద్ హైటెక్ సిటీలో ఐకియా భారతదేశంలోనే తొలి దుకాణం తెరిచింది. పదకొండు నెలల అద్దె ఒప్పందాలతో ఇల్లు మారుతూ బతికే నగరానికి విప్పి కట్టే సామాను సరిగ్గా సరిపోవాలి. చిక్కల్లా ఏమిటంటే, చవక రకాలు ఒకసారి బిగించడానికే చేసినవి. మా నాన్న చేయించిన టేకు బీరువా మూడో అంతస్తుకు ఎక్కక ఊళ్లోనే ఉండిపోయింది. ఆన్‌లైన్లో కొన్న పుస్తకాల బీరువా నాతో రెండు ఇళ్లు తిరిగింది. మూడో ఇంట్లో బిగించబోతే మూడు చిల్లుల్లో స్క్రూ గిర్రున తిరిగిపోయింది.

పారేద్దామనుకుంటూనే వీధి చివర వడ్రంగిని పిలిచాను. వేలితో చిల్లు తడిమి చూశాడు. "రెండోసారి మర పట్టదు సార్ దీనికి, దానికి అన్నం పెట్టాలి," అన్నాడు. టేకు ముక్క నుంచి ఉలితో సన్నని పేళ్లు చెక్కి, ఫెవికాల్‌లో ముంచి చిల్లు నిండా దూర్చాడు. అంచుకు సమంగా కోసి రాత్రంతా కదపొద్దన్నాడు. మర్నాడు వచ్చి దాని నడుమ మిల్లీమీటరున్నర సన్నని దారి తొలిచి, అదే స్క్రూను చేత్తోనే, యంత్రం లేకుండా, నెమ్మదిగా తిప్పాడు. చివరి చుట్టులో కర్ర కిర్రుమంది. "ఇప్పుడు పట్టింది," అంటూ, వంగిన నడిమి అరను తీసి తలకిందులు చేసి పెట్టాడు. వంపు పైకి వచ్చింది. ఇంకో రెండు మూడేళ్లకు పుస్తకాల బరువే దాన్ని సాపు చేస్తుందట. రెండు వందలు తీసుకుని వెళ్లిపోయాడు.