బోదె నాగలి చట్రం: వెల్డింగుకు ముందు ముక్కల తయారీ

నవీపేట్, బోధన్ ప్రాంతాల చెరకు, పసుపు పొలాల్లో బోదెల ఎడం సమంగా ఉండాలంటే బోదె నాగలి చట్రం మూలమట్టంగా ఉండాలి. కోసిన ముక్కల మధ్య మిగిలిన వెడల్పాటి ఖాళీని వెల్డింగు లోహంతో పూడ్చితే, అది చల్లారుతూ కుంచించుకొని చట్రాన్ని వంచుతుంది. అందువలన గుర్తు పెట్టేటప్పుడే కోత చక్రం మందాన్ని లెక్కించాలి. కోసిన అంచుల గరుకును ఆకురాయితో తీసి, అంచు నుండి సుమారు 25 మి.మీ. మేర తుప్పు, రంగు, నూనె తొలగించాలి. 6 మి.మీ. మించిన పలకలను అంచుకు అంచు అతికేటప్పుడు ఒక్కొక్క అంచును సుమారు 30 డిగ్రీల వాలుగా చెక్కి, అడుగున 2–3 మి.మీ. సమాన ఖాళీ ఉంచాలి. ముక్కలను బిగించి, టాక్ వెల్డింగు చేసి, ఎదురెదురు భుజాలను, రెండు కర్ణాలను కొలవాలి. అవి సరిపోయిన తరువాతే పూర్తి అతుకు వేయాలి. ఈ దశలో తేడాను సరిచేయడం సులభం. పొలంలో వంకరపోయిన బోదెను ఆ పంటకాలంలో సరిచేయలేము.