68 మందికి ఒక్క పేజీ

జర్మన్ మాతృభాషగా ఉన్నవాళ్లు ప్రపంచంలో తొమ్మిది కోట్ల పైచిలుకు. తెలుగు మాతృభాష అని 2011 జనాభా లెక్కల్లో రాయించుకున్నవాళ్లు 8,11,27,740 మంది. జనం లెక్కన చూస్తే రెండు భాషలూ ఇంచుమించు ఒకే తూకం. ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. బహుభాషా ఏఐ నమూనాకు శిక్షణ ఇవ్వడానికి గూగుల్ పరిశోధకులు 101 భాషల పాఠాన్ని ఇంటర్నెట్ నుంచి పోగేసి, 2020లో ఎంసీ4 పేరుతో బయటపెట్టారు. అందులో జర్మన్ పేజీలు 39 కోట్ల 70 లక్షలు. తెలుగు పేజీలు 12 లక్షలు. తలసరి పంచితే జర్మన్ వాళ్లకు మనిషికి నాలుగు పేజీలకు పైనే వస్తాయి. మనకు సుమారు 68 మందికి కలిపి ఒక్క పేజీ.

ఆదివారం పొద్దున హైదరాబాద్ అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పరిచిన పాత పుస్తకాలను చూసినవాళ్లకు ఈ లెక్క నమ్మబుద్ధి కాదు. మూసిన షట్టర్ల ముందు పట్టాల మీద ఇంజనీరింగ్ గైడ్లు, అట్ట ఊడిన నవలలు, ఏ పంతులుగారి ఇంట్లోంచో టోకున వచ్చిన తెలుగు వ్యాకరణాలు, నిఘంటువులు. ఇంత అచ్చయిన భాషకు 68 మందికి ఒక్క పేజీనా? అచ్చు సంగతి వేరు, యంత్రం చదవగలిగిన పాఠం సంగతి వేరు. ఏఐ సెర్చ్ ఆధారపడేది ఈ రెండోదాని మీదే. కానీ దాని గురించి మన దగ్గర జరిగే చర్చంతా కొత్త ఫీచర్ ఎప్పుడొచ్చింది, ఎవరు ఉచితంగా ఇచ్చారు అన్నదాని చుట్టూ తిరుగుతోంది. అసలు తేడా అక్కడ లేదు.

తేదీలే చూస్తే మనమే ముందున్నాం. వెతికిన వెంటనే పైన నాలుగు వాక్యాల జవాబు రాసిపెట్టే ఏఐ ఓవర్‌వ్యూస్‌ను గూగుల్ 2024 మేలో అమెరికాలో మొదలుపెట్టింది. భారత్‌కు 2024 ఆగస్టు 15న ఇంగ్లిష్, హిందీల్లో వచ్చింది. ఆ అక్టోబరులోనే తెలుగు, తమిళం, బెంగాలీ, మరాఠీల్లో కూడా ఇస్తామని గూగుల్ ప్రకటించింది. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ మాత్రం 2025 మార్చి 26 దాకా ఆగాయి. అంతా సంభాషణలాగే సాగే ఏఐ మోడ్ కథా ఇంతే. భారత్‌లో 2025 జులైలో అందరికీ తెరిచారు, జర్మనీకి అక్టోబరులో అందింది. తెలుగు, ఉర్దూ సహా ఏడు భారతీయ భాషలు 2025 చివర్లో దానికి తోడయ్యాయి. తెలుగు, ఉర్దూ బోర్డులు పక్కపక్కనే వేలాడే నాంపల్లికి ఆ రెండూ ఒకేసారి రావడం బాగానే నప్పింది.

యూరోపియన్ యూనియన్‌లో ఆలస్యానికి సాంకేతికత కన్నా చట్టమే కారణమనిపిస్తుంది. పెద్ద డిజిటల్ కంపెనీలకు కళ్లెం వేసే డిజిటల్ మార్కెట్ల చట్టం బాధ్యతలు 2024 మార్చి నుంచి అక్కడ అమల్లో ఉన్నాయి. సొంత సేవకు పైన చోటిచ్చి ఇతరులను కిందికి నెడితే జవాబు చెప్పుకోవాలి. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టమేమీ లేదు కాబట్టి సరుకు ముందుగా దిగింది. ముందుగా దిగిందంటే మన భాషలో బాగా పనిచేస్తుందని కాదు.

ఎందుకో తెలియాలంటే అది ఎలా పనిచేస్తుందో కొంచెం చూడాలి. మామూలు సెర్చ్ పేజీల జాబితా చేతికిచ్చి పక్కకు తప్పుకుంటుంది. చదువుకోవడం మన పని. ఏఐ సెర్చ్ ఆ పేజీలను తానే చదివి జవాబు రాస్తుంది. ఏఐ మోడ్ అయితే ఒక ప్రశ్నను లోపల పలు చిన్న ప్రశ్నలుగా విడగొట్టి అన్నింటినీ ఒకేసారి వెతుకుతుంది. ‘నాంపల్లి స్టేషన్‌లో దిగి పిల్లలతో రెండు గంటల్లో ఏం చూడొచ్చు’ అని తెలుగులో అడిగారనుకోండి. స్టేషన్ ఎక్కడ, పబ్లిక్ గార్డెన్స్ ఎంత దూరం, మ్యూజియం ఎప్పుడు మూస్తారు అంటూ ముక్కలు చేసుకుంటుంది. ఆ ముక్కలకు ఇంగ్లిష్‌లో పేజీలున్నాయి. వాటిని చదివి తెలుగులో జవాబిస్తుంది, పర్వాలేదనిపిస్తుంది కూడా. కానీ ‘1930ల్లో గోలకొండ పత్రికకు ఎవరెవరు రాసేవారు’ అని అడిగితే ఇంగ్లిష్ పేజీలు ఆదుకోవు. తెలుగు పేజీయే కావాలి. ఒక్కటే దొరికితే అదే వేదం. అందులో సంవత్సరం తప్పు పడి ఉంటే జవాబులోనూ అదే తప్పు, అదీ ఎంతో ధీమాగా. జర్మన్‌లో అడిగినవాడికి సరిచూసుకోవడానికి ఇంకో ఇరవై పేజీలుంటాయి. జర్మన్ వికీపీడియాలో వ్యాసాలు సుమారు 30 లక్షలు, తెలుగులో లక్ష దాటాయి. సాక్షుల సంఖ్యలోనే ఉంది తేడా.

ఇక అక్షరాల దగ్గరికి వద్దాం. కంప్యూటర్‌కు ‘అబిడ్స్’ అనే మాట ఏడు సంకేతాలు: అ, బ, గుడి, డ, పొల్లు, స, మళ్లీ పొల్లు. ఇంటర్నెట్‌లో వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు, అంటే మొత్తం 21. అదే పేరు ఇంగ్లిష్‌లో రాస్తే అయిదు బైట్లతో సరి. జర్మన్‌లో నెత్తిన చుక్కలున్న అచ్చులకు, ß అక్షరానికి రెండేసి బైట్లు పడినా మిగతా అక్షరాలన్నీ ఒక్కో బైటే. బైట్లు ఎక్కువైతే నిల్వకు పెద్ద ఖర్చేం కాదు, ఈ రోజుల్లో దాన్ని లెక్కపెట్టేవాళ్లు లేరు. లెక్కపెట్టేది టోకెన్లను. భాషా నమూనా వాక్యాన్ని మింగే ముందు ముక్కలు చేసుకుంటుంది, ఆ ముక్కలే టోకెన్లు. ధర, వేగం, ఒకేసారి ఎంత పాఠం చదవగలదన్నదీ వాటి మీదే ఆధారపడతాయి. 2024 మేలో ఓపెన్‌ఏఐ తన జీపీటీ-4ఓ ను ప్రకటిస్తూ ఒకే పరిచయ వాక్యాన్ని ఇరవై భాషల్లో కొలిచి చూపింది. పాత పద్ధతిలో ఇంగ్లిష్‌కు 27 టోకెన్లు, జర్మన్‌కు 34, తెలుగుకు 159. కొత్త పద్ధతిలో ఇంగ్లిష్ 24, జర్మన్ 29, తెలుగు 45.

ఒక్క దెబ్బకు మూడున్నర రెట్లు తగ్గింది. జర్మన్ కన్నా దాదాపు అయిదు రెట్లు బరువైన తెలుగు, ఒకటిన్నర రెట్ల దగ్గరికి వచ్చింది. ఈ కథలో నాకు నిజంగా సంతోషమేసిన అంకె ఇదొక్కటే. అయితే ఇది గొంతు వెడల్పు చేయడం మాత్రమే. గొంతు దిగడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

ఉంది, కానీ యంత్రానికి కనపడదు. మీ దగ్గర 2010కి ముందు డీటీపీ చేయించిన తెలుగు పీడీఎఫ్ ఏదైనా ఉంటే తెరిచి, ఒక వాక్యం కాపీ చేసి ఇంకోచోట పేస్ట్ చేసి చూడండి. తెలుగు రాదు. రోమన్ అక్షరాలు, నెత్తిన టోపీలు పెట్టుకున్న అచ్చులు, పౌండ్ గుర్తులు, మధ్యలో సగం కోట్‌లు కలగాపులగంగా వస్తాయి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పేజీలు కట్టిన కాలమది. ఆ ఫాంట్లు రోమన్ అక్షరాల గళ్లలో తెలుగు ముక్కల బొమ్మలను కూర్చోబెట్టాయి. తలకట్టు ఒక గడిలో, ఒత్తు ఇంకో గడిలో. కంటికి శుభ్రమైన తెలుగు, సెర్చ్ ఇంజిన్‌కు చెత్త. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే 128 గళ్ల చోటు ఉంది. అయినా మన అచ్చు రంగం చాలాకాలం దాని గడప తొక్కలేదు. పత్రికల వెబ్‌సైట్లు సైతం ఎవరి ఫాంటు వారిదే అన్నట్టు నడిచాయి. ఆ పేజీలను చదువుతున్నప్పుడే యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ అనే పనిముట్టును వెన్న నాగార్జున రాశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేసిందీ ఆయనే. రెండు పనులూ ఒకే మనిషి తలకెత్తుకోవాల్సి రావడమే అప్పటి పరిస్థితి చెబుతుంది.

ఇంకా వెనక్కి వెళ్తే సీసపు అచ్చు పుస్తకాలు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ముఖ్య కేంద్రంగా వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. గొప్ప పనే. కానీ స్కాన్ అంటే పుట ఫొటో. పైగా చాలా పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో, ఎవరికి తోచిన స్పెల్లింగుతో వాళ్లు నమోదు చేశారు. ‘ఆంధ్రుల’ అన్న మాట మధ్యలో కొటేషన్ గుర్తు ఇరికించినవి కూడా కనపడతాయి. తెలుగులో పేరు కొట్టి వెతికితే పుస్తకం దొరకదు, ఉందని ముందే తెలిసినవాడికే దొరుకుతుంది.

లేరన్నవాళ్లను అంకెలతో ఉన్నారని నిరూపించిన చరిత్ర హైదరాబాద్‌కు ఉంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులను వెతికి పట్టి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. 1985 డిసెంబరు 2న పుట్టి, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ పక్కన దశాబ్దాలు నడిచిన తెలుగు విశ్వవిద్యాలయానికి 2025లో ఆయన పేరే పెట్టారు. పేరు పెట్టడం వరకు బాగుంది. ఆ విశ్వవిద్యాలయం స్వయంగా అచ్చేసిన పరిశోధనలను, విజ్ఞాన సర్వస్వ సంపుటాలను పీడీఎఫ్ బొమ్మలుగా కాక యూనికోడ్ పాఠంగా నెట్‌లో పెడితే, ఏఐ తెలుగుకు ఏ కంపెనీ ప్రకటనా చేయనంత మేలు జరుగుతుందని నా నమ్మకం.

జర్మన్ దేశాల్లో గొడవ ఇంకోలా ఉంది. వాళ్లకు పేజీలకు కొదవలేదు, ఆ పేజీలు రాసినవాళ్లకు కూలి ఎవరిస్తారన్నదే వాళ్ల పేచీ. అమెరికాలో ప్యూ పరిశోధన సంస్థ 2025 మార్చిలో 900 మంది వాడకాన్ని గమనించింది. పైన ఏఐ జవాబు లేనప్పుడు వంద సార్లకు 15 సార్లు ఏదో ఒక లింకు నొక్కారు. ఏఐ జవాబు ఉంటే 8 సార్లే. జవాబులోనే ఇచ్చిన ఆధారం లింకును నొక్కింది వంద సార్లకు ఒక్కసారే. గూగుల్ చెప్పిన ప్రకారం 2025 జులై నాటికే ఏఐ ఓవర్‌వ్యూస్‌ను నెలకు 200 కోట్ల మంది చూస్తున్నారు. ప్రకటనల మీద బతికే పత్రికకు దీని అర్థం వేరే చెప్పనక్కర్లేదు. 2025 సెప్టెంబరులో జర్మన్ మీడియా సంఘాలు కలిసి అక్కడి నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేశాయి. డిసెంబరు 9న యూరోపియన్ కమిషన్ గూగుల్ మీద విచారణ తెరిచింది. అంతకుముందు నెలే మ్యూనిక్ కోర్టు తొమ్మిది పాటల సాహిత్యం విషయంలో ఓపెన్‌ఏఐకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. మన దేశంలో 2024 నవంబరులో వార్తా సంస్థ ఏఎన్ఐ ఓపెన్‌ఏఐ మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది.

ఇంకో పని కూడా వాళ్లు మొదలుపెట్టారు, నాకు అసూయ కలిగించేది అదే. సొంత ఇండెక్స్. సెర్చ్ ఇంజిన్ ముఖం ఏదైనా, వెనక ఇంటర్నెట్ మొత్తాన్ని చదివి పెట్టుకున్న పట్టీ ఒకటుండాలి. అది ప్రపంచంలో కొద్దిమంది చేతుల్లోనే ఉంది. 2022 సెప్టెంబరులో 14 యూరప్ సంస్థలు ఓపెన్ వెబ్ సెర్చ్ పేరుతో ప్రజలందరికీ పనికొచ్చే ఇండెక్స్ కట్టడానికి పూనుకున్నాయి. జర్మనీలోని పాసౌ విశ్వవిద్యాలయం దానికి సారథి. యూరోపియన్ యూనియన్ ఇచ్చింది 85 లక్షల యూరోలు, అప్పటి మారకంలో 70 కోట్ల రూపాయల లోపే. మన పెద్ద హీరో సినిమా ఒకటి తీయడానికి ఆ డబ్బు చాలదు. బెర్లిన్‌లోని ఎకోసియా ఫ్రాన్స్ క్వాంట్‌తో కలిసి 2024 నవంబరులో మరో ఇండెక్స్‌కు ఉమ్మడి సంస్థను ప్రకటించింది. మన ప్రభుత్వం 2022 జులైలో తెచ్చిన భాషిణి మన దేశ భాషల మధ్య అనువాదం చేస్తుంది. మంచిదే. కాకపోతే అనువాదం ఎక్కడో ఉన్న పేజీని మన భాషలోకి తెస్తుంది, మన భాషలో లేని పేజీని పుట్టించదు.

ఉచితాల్లో మాత్రం పోలిక ఉంది. జర్మనీలో డాయిష్ టెలికామ్ 2024లో తన ఖాతాదారులకు ఏఐ సెర్చ్ సేవ పర్‌ప్లెక్సిటీ ప్రోను ఏడాది ఉచితంగా ఇచ్చింది. మన ఎయిర్‌టెల్ 2025 జులైలో ఏడాదికి 17,000 రూపాయల విలువైన అదే చందాను 36 కోట్ల మందికి ఉచితమని ప్రకటించింది. అంకె పెద్దదే, కానీ వాళ్లలో ఎవరు తెలుగులో అడిగినా లోపల ఉన్నది అదే పాత పాఠం.

ఆ పాఠాన్ని పెంచే మార్గం ఒకటి చాలా మామూలుగా, జోరు లేకుండా సాగుతోంది. తెలుగు వికీసోర్స్‌లో స్కాన్ పుట ఒక పక్క, బొమ్మలోని అక్షరాలను యంత్రం గుర్తించి (ఓసీఆర్) తీసిన పాఠం ఇంకో పక్క కనపడతాయి. ఒత్తులు, సున్నలు, పాత అరసున్నల దగ్గర యంత్రం తడబడుతుంది, మనిషి దిద్దాలి. దిద్దని పుట ఎర్రగా ఉంటుంది. ఒకరు దిద్దితే పసుపు, వేరొకరు మళ్లీ సరిచూస్తేనే ఆకుపచ్చ. హక్కుల చిక్కు కూడా అనుకున్నంత లేదు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన 60 ఏళ్లకు, జీవితకాలంలో అచ్చయిన ఆయన రచనల మీద హక్కు ముగుస్తుంది. 1953లో కన్నుమూసిన సురవరం రచనలు 2014 జనవరి నుంచే అందరివీ. 1964 లోపు పోయిన ప్రతి తెలుగు రచయితదీ ఇదే లెక్క. వాళ్ల పాత ముద్రణలు అబిడ్స్ పట్టాల మీద ఇప్పటికీ తగులుతుంటాయి, బేరమాడితే సినిమా టికెట్టు కన్నా తక్కువకే ఇస్తారు.